ఒంటిగంటా ఇరవైకి రిగ్లీ ఫీల్డ్: టికెట్ నుంచి తెల్ల జెండా దాకా

రిగ్లీ ఫీల్డ్‌కి టికెట్ కొనేటప్పుడు ధర కంటే ముందు వరస నంబరు చూడండి. బోలెడు డబ్బు పోసి కొన్న సీటు ముందు నిలువెత్తు ఇనప స్తంభం ఉండొచ్చు. అందులో సగం ధరకు దొరికిన పై అంతస్తు సీట్లోంచి మైదానమంతా అరచేతిలో పెట్టినట్టు కనిపించొచ్చు. చికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆడే ఈ మైదానం 1914లో తెరిచింది. అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద పోటీ అయిన మేజర్ లీగ్‌లో దీనికంటే పాతది బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ ఒక్కటే. అప్పట్లో పై అంతస్తునీ కప్పునీ స్తంభాల మీదే నిలబెట్టేవారు. ఆ స్తంభాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ముందే చెప్పేస్తున్నాం, ఇక్కడికి వస్తే పగటి ఆటకే రండి. రిగ్లీలో ఫ్లడ్‌లైట్లు మొదటిసారి వెలిగింది 1988 ఆగస్టు 8న. అప్పటిదాకా 74 ఏళ్లపాటు ఇక్కడ ఆటంటే పగటి ఆటే. చుట్టూ ఇళ్లున్న పేట కాబట్టి రాత్రి మ్యాచ్‌ల మీద నగరం ఇప్పటికీ పరిమితి పెడుతుంది. అందుకే శుక్రవారాలు కూడా ఎక్కువగా మధ్యాహ్నం 1:20కే ఆట మొదలవుతుంది. ఎండ, సరస్సు గాలి, ఇటుక గోడ మీద తీగ, చేత్తో అంకెలు మార్చే స్కోరుబోర్డు అన్నీ పగటి వెలుగులోనే బాగుంటాయి. రాత్రి లైట్ల కింద ఇందులో సగం కనిపించదు.

ఇక సీట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రిగ్లీలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సెక్షన్ నంబర్లు 100 నుంచి మొదలయ్యేవి మైదానాన్ని ఆనుకుని ఉంటాయి. వాటి వెనక 200లు, పై అంతస్తు ముందు భాగంలో 300లు, ఆ వెనక 400లు. ఔట్‌ఫీల్డ్ గోడ మీదున్న బెంచీలు 500లు, వాటినే బ్లీచర్స్ అంటారు. స్తంభాల బెడద 200లలో ఎక్కువ. స్తంభానికి ముందున్న వరసల్లో కూర్చుంటే ఏ ఇబ్బందీ లేదు. వెనక వరసల్లో మాత్రం సీటు నంబరును బట్టి బంతి విసిరే పిచరో, దాన్ని కొట్టే బ్యాటరో, ఒక్కోసారి పరిగెత్తి చేరాల్సిన ఒక బేసో ఆటంతా స్తంభం చాటునే ఉండిపోతుంది. మెడ పక్కకు వంచి చూడొచ్చులే అనుకోకండి, రెండున్నర గంటలు వంచలేరు. టికెట్ మీద 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అనో 'లిమిటెడ్ వ్యూ' అనో రాసి ఉంటే ఆ మాటను నమ్మండి. ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారి అమ్ముడయ్యే టికెట్లలో ఆ మాట ఒక్కోసారి చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది, చివరి పేజీ దాకా చదివాకే డబ్బు కట్టండి.

200లలో మరో చిక్కుంది. చివరి వరసల్లోకి వెళ్లేకొద్దీ పై అంతస్తు నెత్తిమీదికి వచ్చేస్తుంది. బ్యాటర్ బంతిని ఆకాశంలోకి లేపగానే అది కప్పు అంచు దాటి మాయమవుతుంది. ఫీల్డర్ ఎటు పరిగెడుతున్నాడో చూసి బంతి ఎక్కడుందో ఊహించుకోవాలి. సెంటర్‌ఫీల్డ్ స్కోరుబోర్డు కూడా ఆ వరసల నుంచి కనిపించదు. కప్పుకు వేలాడదీసిన చిన్న టీవీలే దిక్కు. అయితే ఆ వరసలకు ఉన్న మంచి గుణం కూడా చెప్పాలి. ఆటంతా నీడే, చినుకులు పడినా తడవరు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను జులై ఎండలో తీసుకెళ్తుంటే 200లలో మధ్య వరసలు, స్తంభం అడ్డం లేనివి, వెతికి కొనండి. ఒకట్రెండు క్యాచ్‌లు చూడలేకపోయినా మంచిదే, వడదెబ్బ తగలకుండా ఇల్లు చేరాలి.

మాకు బాగా నచ్చినవి 300లు. పై అంతస్తు అంచునే ఉంటాయి, స్తంభాలు వెనక్కి ఉంటాయి, చూపుకి ఏదీ అడ్డురాదు. నాలుగు బేసులు కలిసి ఏర్పడే డైమండ్ ఆకారం, ఫీల్డర్లు ఒక్కో బ్యాటర్‌కి ఎలా జరుగుతున్నారో, గోడవతల ఇళ్ల మీద కట్టిన గ్యాలరీలు, దూరంగా సరస్సు వైపు ఆకాశం అన్నీ ఒకే చూపులో పడతాయి. క్రికెట్‌లో బౌలర్ చేతివెనక నుంచి చూడటం అలవాటైనవాళ్లు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక 300లలో కూర్చుంటే బంతి ఎటు వంగుతోందో చక్కగా తెలుస్తుంది. పైకి వెళ్లే ర్యాంపులు మెలికలు తిరుగుతూ పొడుగ్గా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్ట్ ఎక్కడుందో గేటు దగ్గరే అడిగి తెలుసుకోవాలి.

నీడ లెక్క ఇలా ఉంటుంది. హోమ్ ప్లేట్ మైదానానికి నైరుతి మూలన ఉంది. ఫస్ట్ బేస్ వైపు స్టాండ్ దక్షిణాన అడిసన్ వీధి వెంట, థర్డ్ బేస్ వైపు స్టాండ్ పడమరన ఉంటాయి. ఎండాకాలంలో ఒంటిగంటా ఇరవైకి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి మొదట్లో కప్పు కింద ఉన్నవాళ్లకే నీడ. పొద్దు పడమరకు వాలేకొద్దీ నీడ థర్డ్ బేస్ వైపు నుంచి ముందుకు పాకుతుంది, ఫస్ట్ బేస్ వైపు ముందు సీట్లవాళ్లకు ఎండ ముఖాన కొడుతుంది. అందుకే రెండు వైపులా ఒకే ధర కనిపిస్తే థర్డ్ బేస్ వైపే తీసుకోండి. ఏప్రిల్‌లో ఇదే లెక్క తిరగబడుతుంది. అప్పుడు కావాల్సింది ఎండ. నీడలో కూర్చున్నవాళ్లు అయిదో ఇన్నింగ్స్‌కల్లా వణుకుతుంటారు.

బ్లీచర్స్ వేరే లోకం. వెన్ను ఆనించడానికి ఏమీ లేని పొడుగు బెంచీలు, సీటు నంబరు లేదు, ముందొచ్చినవాళ్లదే చోటు. ప్రవేశం వేవ్‌లాండ్, షెఫీల్డ్ వీధులు కలిసే మూల నుంచి. గేటు తెరిచే సమయం మేజర్ లీగ్ వాళ్ల ఎంఎల్‌బీ బాల్‌పార్క్ యాప్‌లో చూసుకుని అరగంట ముందే వరసలో నిలబడితే ముందు బెంచీ దొరుకుతుంది. అక్కడ కూర్చుంటే ఔట్‌ఫీల్డర్ వీపు మీది పేరు చదవొచ్చు, అరిచి పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తాడు. రైట్‌ఫీల్డ్ బ్లీచర్స్ పడమర వైపు చూస్తాయి, మూడు దాటాక ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. టోపీ, సన్‌స్క్రీన్, చల్లద్దాలు లేకుండా వెళ్లొద్దు. అవతలి జట్టు కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్‌లా గోడ దాటిన దెబ్బ) బంతి మీ చేతికి చిక్కితే చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి మైదానంలోకి విసిరేయమని గోల చేస్తారు. అది ఇక్కడి ఆచారం. పిల్లలకు ఇవ్వాలని ఉంటే బంతిని బ్యాగులో పెట్టుకున్నా ఎవరూ లాక్కోరు గానీ, గోల మాత్రం కాసేపు భరించాలి.

టికెట్ ఫోన్‌లోకే వస్తుంది, అదే బాల్‌పార్క్ యాప్‌లో. ఇంట్లో ఉండగానే తెరిచి, ఫోన్ వాలెట్‌లో భద్రపరచుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్‌వర్క్ మొరాయిస్తుంది. నలుగురు కలిసి వెళ్తే ఎవరి టికెట్ వాళ్లకు ముందే పంపేయండి, అందరివీ ఒక్క ఫోన్‌లో ఉంటే ఆలస్యంగా వచ్చేవాడి కోసం మిగతావాళ్లు బయటే నిలబడాలి. ధర రోజును బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సోమవారం నుంచి గురువారం దాకా ఆటలు బాగా చౌక. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తోనో ఊళ్లోనే ఉన్న వైట్ సాక్స్‌తోనో ఎండాకాలపు శని, ఆదివారాలు బాగా ప్రియం. చికాగో నగరం వేసే 9 శాతం వినోదపు పన్ను కూడా కలుపుకుని, అన్ని రుసుములతో వచ్చే ఆఖరి మొత్తాన్నే పోల్చి చూడండి. వారం మధ్య ఆటలకు మొదటి బంతి పడే గంటలో ధరలు సాధారణంగా దిగుతాయి. ఒక్కరో ఇద్దరో అయితే ఆగొచ్చు, నలుగురికి పక్కపక్కన సీట్లు కావాలంటే ఆగడం మంచిది కాదు.

కారు తీసుకెళ్లకండి. ఈ పేటలో పార్కింగ్ స్థలం తక్కువ, అద్దె ఎక్కువ, ఇళ్ల ముందు పర్మిట్ బోర్డులు చదవకుండా ఆపితే జరిమానానో టోయింగో తప్పదు. రెడ్ లైన్ రైలెక్కి అడిసన్ స్టేషన్‌లో దిగితే ఒక్క బ్లాకు నడక. డౌన్‌టౌన్ నుంచి వచ్చేవాళ్లు హోవర్డ్ వైపు వెళ్లే రైలెక్కాలి. నేపర్‌విల్, అరోరా వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి వాళ్ల దారి కూడా చెబుతున్నాం: శివారు రైలు మెట్రా బీఎన్ఎస్ఎఫ్ లైన్‌లో యూనియన్ స్టేషన్‌కి వచ్చి, అక్కడి నుంచి తూర్పుగా పదిహేను నిమిషాలు నడిస్తే జాక్సన్‌లోనో మన్రోలోనో రెడ్ లైన్ దొరుకుతుంది. తిరుగు రైలు సమయం పొద్దున్నే రాసిపెట్టుకోండి, మధ్యాహ్నాలు మెట్రా రైళ్ల మధ్య ఎడం ఎక్కువ. ఇంటి నుంచి సీటు దాకా రెండు గంటలు పట్టినా పట్టొచ్చు.

గేటు దగ్గర బ్యాగు కొలత 16 అంగుళాల పొడవు, 16 వెడల్పు, 8 మందం దాటకూడదు. లాప్‌టాప్ బ్యాగు లాంటిది కాకుండా చిన్న గుడ్డ సంచీ అయితే తనిఖీ వరస త్వరగా కదులుతుంది. ఒకసారి లోపలికి వెళ్లి బయటికొస్తే మళ్లీ రానివ్వరు. లోపల నోట్లు చెల్లవు, కార్డు ఉండాలి. బీరు కొనాలనుకునేవాళ్లు వయసు రుజువుకి పాస్‌పోర్టో అమెరికా రాష్ట్రమిచ్చిన ఐడీనో పెట్టుకోవాలి. ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే కౌంటర్లో తల అడ్డంగా ఊపే అవకాశమే ఎక్కువ.

తిండి విషయంలో ఈ మైదానం మనవాళ్లకు చేసే మేలు ఒకటుంది, చాలామందికి తెలియదు. ఇంటి నుంచి తెచ్చుకున్న తిండిని లోపలికి అనుమతిస్తారు. లీటరుకి మించని, సీలు తీయని ప్లాస్టిక్ నీళ్ల సీసా కూడా. గాజు, డబ్బా పానీయాలు, థర్మాస్, గట్టి కూలర్ పెట్టె మాత్రం వద్దంటారు. కాబట్టి స్టీలు టిఫిన్ క్యారియర్ ఇంట్లో పెట్టి, మెత్తటి ప్లాస్టిక్ డబ్బాలోనో జిప్ సంచీలోనో సర్దుకోండి. ఎండలో మూడు గంటలు నిలిచేది పులిహోర. చింతపండు పులుపు, నూనె, తక్కువ తడి ఉండటం వల్ల అది చెడదు, ఒళ్లో పెట్టుకుని చెంచాతో తినొచ్చు, కారిపోయేది ఏమీ లేదు. పెరుగన్నం జులై ఎండకి నాలుగో ఇన్నింగ్స్‌కే పులుస్తుంది. సాంబారు, చట్నీల జోలికి పోవద్దు, పక్కవాళ్ల మోకాలు మీ మోకాలికి తగిలేంత ఇరుకు ఇక్కడి సీట్లు. మనిషికి రెండు కప్పుల పులిహోర, గుప్పెడు జంతికలు, లీటరు నీళ్లు సరిపోతాయి.

లోపల కొనేవాటిలో పేరున్నది చికాగో హాట్‌డాగ్. గసగసాలు చల్లిన బన్ను, పసుపు ఆవముద్ద, మెరిసే పచ్చ రెలిష్, తరిగిన ఉల్లి, టమాటా ముక్కలు, పొడవాటి ఊరవేసిన దోసకాయ ముక్క, చిన్న ఊరమిరపకాయలు, పైన సెలరీ ఉప్పు. కెచప్ అడిగితే చికాగోవాళ్లు మొహం చిట్లిస్తారు. ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఇందులో ఉండేది గొడ్డు మాంసం. తినని వాళ్లు కౌంటర్లో అడిగి వెజ్ డాగ్ ఉంటే తీసుకోండి, లేదంటే ప్రెట్జెల్, పాప్‌కార్న్, చీజ్ పిజ్జా దొరుకుతాయి. అన్నిటికంటే మేం చెప్పేది వేరుశెనగ కాయలు. తొక్కతోనే వేయించి ఉప్పు పట్టించినవి, అమ్మేవాడు నడవలో నిలబడి సంచీ విసిరితే పట్టుకోవాలి, కార్డు చేతులు మారుతూ అతని దగ్గరికి వెళ్లి తిరిగొస్తుంది. మన బస్టాండ్లలో దొరికే ఉడకబెట్టిన కాయల రుచి కాదు, పొడిగా కరకరమంటాయి. తొక్కలు కాళ్ల దగ్గరే పడేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఎండ బాగా ఉన్నరోజు చాక్లెట్ ఫ్రాస్టీ మాల్ట్ తీసుకోండి. చిన్న కాగితపు కప్పు, రాయిలా గడ్డకట్టి ఉంటుంది, కూడా ఇచ్చే చెక్క చెంచా దిగదు. తొందరపడి గుచ్చితే చెంచా విరుగుతుంది. ఒక ఇన్నింగ్స్ పాటు ఒళ్లో ఉంచుకుంటే అంచులు కరుగుతాయి, అప్పుడు చుట్టూ గీకుతూ తినాలి.

క్రికెట్ కళ్లతో చూసేవాళ్లకు మొదటి రెండు ఇన్నింగ్స్ అయోమయంగా ఉంటాయి. ఒక్కో జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి ముగ్గురు ఔట్లు. కొట్టబోయి తప్పినా, కొట్టగల చోటికి వచ్చిన బంతిని వదిలేసినా స్ట్రైక్; ఆ చోటికి బయటగా పోయిన బంతిని బ్యాటర్ వదిలేస్తే బాల్. మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ ఔట్, నాలుగు బాల్స్ పడితే ఊరికే ఫస్ట్ బేస్ దక్కుతుంది. బంతి నేలను తాకదు కాబట్టి ఏముందిలే అనుకోవద్దు. పిచర్ నిలిచే పలక నుంచి హోమ్ ప్లేట్‌కి దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 95 మైళ్లు, అంటే 153 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 0.4 సెకన్లలో ప్లేట్ చేరుతుంది. క్రికెట్‌లో పిచ్ మీద పడి మలుపు తిరిగే పని ఇక్కడ గాలిలోనే జరిగిపోతుంది. ఆ పని చేసేది కుట్లు. బంతి మీద ఎర్రదారంతో చేత్తో కుట్టిన 108 జంట కుట్లుంటాయి. వేళ్లు వాటి మీద ఎలా పెట్టాడన్నదాన్ని బట్టి బంతి తిరుగుడు మారి కిందికి జారడమో పక్కకు కోయడమో జరుగుతుంది. కబ్స్ అభిమానులు ఈ 108కి మరో అర్థం చెబుతారు. జట్టు 1908 తర్వాత మళ్లీ మేజర్ లీగ్ తుది పోటీ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది 2016లో, సరిగ్గా 108 ఏళ్లకి.

2023 నుంచి బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చింది, మధ్యాహ్నపు ఆటకు ఇది చేసిన మేలు అంతా ఇంతా కాదు. బేసులు ఖాళీగా ఉంటే పిచర్‌కి 15 సెకన్లు, ఎవరైనా ఉంటే 18. గడువు దాటితే బ్యాటర్‌కి ఒక బాల్ కలుస్తుంది. బ్యాటర్ కూడా గడియారం 8 సెకన్ల దగ్గరుండగానే సిద్ధం కావాలి, లేదంటే ఒక స్ట్రైక్ పడుతుంది. మూడు గంటలు దాటే ఆట ఇప్పుడు సగటున రెండు గంటల నలభై నిమిషాలకు దగ్గరగా ముగుస్తోంది. దీనివల్ల తిండి వరసలో నిలబడితే ఇన్నింగ్స్‌లో సగం పోతుంది. ఏం కొనాలన్నా ఒక జట్టు బ్యాటింగ్ మధ్యలో, జనం సీట్లలో ఉన్నప్పుడే లేచి వెళ్లండి, మూడో ఔట్ పడగానే అందరూ లేస్తారు. 2026 సీజన్ నుంచి మన డీఆర్ఎస్ లాంటి సౌకర్యం కూడా వచ్చింది. అంపైర్ స్ట్రైక్, బాల్ తీర్పు మీద ఒక్కో జట్టుకి రెండు సవాళ్లు, నెగ్గితే ఆ సవాలు చేతిలోనే ఉంటుంది. అడిగే హక్కు బ్యాటర్, పిచర్, ప్లేట్ వెనక బంతి పట్టే క్యాచర్ ముగ్గురికే. బ్యాటర్ హెల్మెట్ తట్టుకోగానే తల తిప్పి పెద్ద తెర చూడండి.

గాలివాటం తెలియకుండా రిగ్లీలో ఆట అర్థం కాదు. మిషిగన్ సరస్సు ఇక్కడికి తూర్పున కిలోమీటరు దూరంలోనే ఉంది. సీట్లో కూర్చోగానే స్కోరుబోర్డు మీది జెండాలు చూడండి. అవి మీ వైపు, అంటే హోమ్ ప్లేట్ వైపు, ఎగురుతుంటే సరస్సు గాలి లోపలికి కొడుతోందన్నమాట. బ్యాటర్ ఎంత బలంగా లేపినా బంతి గోడ ముందే ఆగి క్యాచ్ అవుతుంది, ఒకట్రెండు పరుగులతో ఆట తేలుతుంది. నైరుతి గాలి బయటికి కొట్టేరోజు కథే వేరు. 1979 మే 17న అలాంటి గాలిలోనే ఫిలడెల్ఫియా ఫిలీస్ పది ఇన్నింగ్స్‌లో 23-22తో కబ్స్‌ని ఓడించింది. గోడ దూరాలు లెఫ్ట్‌లో 355 అడుగులు, సెంటర్‌లో 400, రైట్‌లో 353. కాగితం మీద దగ్గరేమీ కాదు, గాలి కలిసొస్తే మాత్రం మామూలు క్యాచ్ కూడా అవతలి వీధిలో పడుతుంది. పొద్దున్నే వాతావరణం చూసి గాలి బయటికి ఉంటుందనిపిస్తే బ్లీచర్స్ కొనండి, లోపలికి ఉంటే 300లు. ఊరి నడిబొడ్డున 20 డిగ్రీలు చూపించినా సరస్సు గాలి తగిలితే ఇక్కడ చలేస్తుంది, మే నెలాఖరు దాకా జాకెట్ వదలొద్దు.

గోడ మీది తీగ 1937లో నాటింది. ఏప్రిల్‌లో వచ్చినవాళ్లకు ఎండుపుల్లలే కనిపిస్తాయి. ఆకు పూర్తిగా కమ్మేది మే చివరకో జూన్‌కో. ఆకు ఉన్నప్పుడు ఒక వింత నియమం పనిచేస్తుంది. బంతి తీగలో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి, అప్పుడు బ్యాటర్‌కి రెండు బేసులిచ్చి ఆపేస్తారు. చేయి పెట్టి వెతికాడో, ఆట నడుస్తున్నట్టే లెక్క, అతను ఆకుల్లో తడుముకుంటుండగా బ్యాటర్ పరిగెత్తుతూనే ఉంటాడు. గోడ పై అంచు వెంట 1970లో బిగించిన ఇనప వల బుట్ట ఉంది, అందులో పడినా హోమ్ రనే. బ్లీచర్స్ ముందు వరసలో ఉన్నవాళ్లు బంతి కోసం మైదానంలోకి వంగొద్దు, ఆటకు అడ్డం వస్తే బయటికి పంపించేస్తారు.

స్కోరుబోర్డు కూడా 1937 నాటిదే. లోపల మనుషులు నిచ్చెన ఎక్కి కూర్చుని, ప్రతి ఇన్నింగ్స్ తర్వాత అంకె రాసిన రేకు పలకను చేత్తో మారుస్తారు. కాస్త జాగ్రత్తగా చూస్తే ఖాళీ గడిలోంచి ఒక తల బయటికి తొంగిచూసి వెళ్లడం కనిపిస్తుంది. వేరే ఊళ్లలో జరిగే ఆటల స్కోర్లూ అక్కడే. చివర్లో పరుగులు, హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేసు చేరినవి) ఎన్నో విడిగా ఉంటాయి. పైన మూడు వరసల్లో ఎగిరే జెండాలు మేజర్ లీగ్‌లో కబ్స్ ఉన్న సగమైన నేషనల్ లీగ్‌లోని మూడు డివిజన్ల (విభాగాల) జట్లవి, ఆ రోజు ఎవరు ఏ స్థానంలో ఉన్నారో అదే వరసలో కడతారు. 2015లో పెట్టిన పెద్ద వీడియో తెరల్లో రీప్లేలు చూడొచ్చు గానీ, ఆట ఎక్కడుందో తెలుసుకోవడానికి ఈ పాత బోర్డే మాకు సుఖం.

పిల్లలతో వెళ్తే ఒక అట్ట, పెన్సిలు, గీతలు గీసిన స్కోరు కాగితం పట్టుకెళ్లండి. ఫీల్డర్లకు అంకెలుంటాయి: పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలిచేవాడు) 6, లెఫ్ట్ 7, సెంటర్ 8, రైట్ 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని సెకండ్‌కి, అక్కడి నుంచి ఫస్ట్‌కి విసిరి ఇద్దరిని ఔట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. మూడు స్ట్రైక్‌లతో ఔటయ్యే స్ట్రైకౌట్‌కి కే అక్షరం, బ్యాట్ తిప్పకుండానే ఔటైతే ఆ అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు. మూడు ఇన్నింగ్స్ రాశాక ఆట దానంతటదే బోధపడుతుంది.

ఫౌల్ బంతి (బ్యాటర్ కొట్టాక పక్క గీతల అవతలికి పోయేది) గురించి ఒక హెచ్చరిక. హోమ్ ప్లేట్ వెనకా పక్కలా వల ఉంటుంది. అది ఎక్కడ ముగుస్తుందో కూర్చోగానే చూసుకోండి. వల అవతల, లెఫ్ట్, రైట్ మూలల్లో ఉన్నవాళ్లు బంతి పడేటప్పుడు ఫోన్‌లోకి తలదించకూడదు. 145 గ్రాముల గట్టి బంతి, తప్పుకునేందుకు రెప్పపాటు కూడా ఉండదు. చంటిపిల్లలుంటే 300లే మేలు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి పాడతారు. వ్యాఖ్యాత హ్యారీ కేరీ 1982లో కబ్స్‌కి వచ్చినప్పటి నుంచి ఇది ఇక్కడి రివాజు. 1998లో ఆయన పోయాక ఆటకొక అతిథి పాడిస్తున్నారు. మాటలు తెర మీద వస్తాయి. సరిగ్గా అదే సమయానికి బాత్రూమ్ వరసలు ఖాళీగా ఉంటాయి, కానీ ఆ కాసేపు సీటు దగ్గరే ఉండండి.

వాన పడితే టార్పాలిన్ పరిచి గంటలతరబడి ఆపొచ్చు. అయిదు ఇన్నింగ్స్ పూర్తయ్యాక ఆట నిలిచిపోతే అది పూర్తయిన ఆటే, డబ్బు వెనక్కి రాదు. మొదలవకముందే వాయిదా పడితే అదే టికెట్ మళ్లీ ఆడే రోజుకి చెల్లుతుంది. వేరే ఊరి నుంచి వచ్చి మర్నాడు విమానం ఎక్కేవాళ్లు ఇది ఆలోచించుకుని తేదీ ఎంచుకోవాలి. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి సమంగా ఉంటే డ్రా ఉండదు, పదో ఇన్నింగ్స్ నుంచి సెకండ్ బేస్ మీద ఒక రన్నర్‌ని పెట్టి ఆడిస్తారు.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. కింది నడవాలు ఇరుకు, ఇన్నింగ్స్ మధ్యలో అడుగు తీసి అడుగు వేయలేరు. సీట్ల మధ్య కాళ్లకు చోటు తక్కువ, ఆరడుగులున్నవాళ్లు వరస చివరి సీటు కొనాలి. తిండి, పానీయాల ధరలు ఎక్కువ, నలుగురూ లోపలే తిని తాగితే చౌక టికెట్ల మొత్తాన్ని దాటిపోయే రోజులున్నాయి. వెడల్పు సీట్లు, తేలిక పార్కింగ్ ముఖ్యమనుకునేవాళ్లు ఇదే రెడ్ లైన్‌లో దక్షిణాన సాక్స్-35వ వీధి స్టేషన్ దిగి వైట్ సాక్స్ మైదానానికి వెళ్లొచ్చు. అక్కడ స్తంభాల బాధ ఉండదు. కానీ బేస్‌బాల్ మొదటిసారి చూసేవాళ్లకు మేం చూపించేది రిగ్లీనే.

ఆట అయిపోయేసరికి దాదాపు నాలుగవుతుంది. అడిసన్ స్టేషన్ మెట్ల దగ్గర ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు. అరగంట ఆగడం ఒక దారి, పడమర వైపు గాలఘర్ వే ఆవరణలో ఎర్నీ బ్యాంక్స్ మొదలైన ఆటగాళ్ల విగ్రహాలు చూస్తూ గడపొచ్చు. రెండోది దక్షిణానికి దాదాపు కిలోమీటరు నడిచి బెల్‌మంట్ స్టేషన్‌లో ఎక్కడం, అక్కడ రెడ్ లైన్‌తోపాటు బ్రౌన్ లైన్ కూడా దొరుకుతుంది. ఇడ్లీ, దోసెల మీదికి మనసు పోతే ఉత్తరం వైపు రెడ్ లైన్‌లో లొయోలా దాకా వెళ్లి, పడమరకు పోయే 155 డెవన్ బస్సెక్కితే మన దుకాణాలూ హోటళ్లూ ఉన్న డెవన్ అవెన్యూలో దిగొచ్చు. అడిసన్‌లో ఎక్కితే, ఏ వైపు వెళ్లినా రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి స్కోరుబోర్డు మీదికి చూడండి. తెల్ల జెండా మీద నీలం డబ్ల్యూ ఉంటే కబ్స్ గెలిచింది, నీలం జెండా మీద తెల్ల ఎల్ ఉంటే ఓడింది. ఆఫీసుల నుంచి తిరిగొచ్చేవాళ్లు ఆ జెండా చూసి ఫలితం తెలుసుకోవడం ఇక్కడ ఫోన్లు రాకముందు నుంచీ ఉంది.